ఈత కొలనుకు పగుళ్లు ఎందుకు?

మేడ్చల్, శామీర్‌పేట వైపు రిసార్టుల్లో ఈత కొలనులు చూసే ఉంటారు. పాతబడ్డ కొలను గోడల మీద సన్నని పగుళ్లు కనిపిస్తాయి. ఎందుకు? సిమెంటు పూత ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది. నీటిలో ఆమ్లగుణం పెరిగితే పూతలోని కాల్షియం కరిగి, పూత అరికాళ్లకు గరుకుగా తగులుతుంది.

మరి బాగుచేయడం ఎలా? మేస్త్రీ ముందు సుత్తితో తట్టి వింటాడు. బోలుగా మోగితే అక్కడ పూత గోడను వదిలేసిందన్నమాట! దాన్ని చెక్కేస్తాడు. పగులును కాస్త వెడల్పు చేసి, దుమ్ము కడిగి, పాలిమర్ కలిపిన సిమెంటు నింపుతాడు. ఆపైన తెల్ల సిమెంటు, పాలరాతి పొడితో కొత్త పూత.

ఈ పనికి కొలను ఖాళీ చేయాలి. కానీ వానాకాలంలో అలా చేయడం ప్రమాదం. భూగర్భజలం కింది నుంచి నెడితే ఖాళీ కొలను పైకి లేచిపోవచ్చు. అందుకే ఎండాకాలం మేలు. అయితే కొత్త పూత గబగబా ఆరితే మళ్లీ పగులుతుంది, తడుపుతూ ఉండాలి.

పిల్లలూ, ఖాళీ కొలను అంచున మాత్రం ఆడకండి.