గది గోడకు లేత రంగా, ముదురు రంగా? వర్తకుని లెక్క

(మా వాణిజ్య ప్రతినిధి)

కరీంనగర్: గది గోడలకు ఏ రంగు వేయాలన్నది ఇంటివారి అభిరుచికి సంబంధించిన విషయం. కాని అంగడిలో కూర్చున్న వర్తకునికి అది సరుకు నిల్వకు, అందులో చిక్కుకునే పెట్టుబడికి సంబంధించిన ప్రశ్న. పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో వానలు తగ్గి దసరా, దీపావళి దగ్గర పడినప్పుడు, తిరిగి మాఘ, ఫాల్గుణాల పెళ్లి ముహూర్తాలకు ముందు రంగులకు గిరాకి పెరుగుతుంది. ఆ కొద్ది వారాల్లో కదలని డబ్బా మళ్లీ సీజను వచ్చేదాకా అరలోనే ఉండిపోతుంది.

సున్నం మీద రంగు

వెనుకటి ఇండ్లలో ఎంపికకు చోటు తక్కువ. గోడకు సున్నం, అందులో కాస్త నీలం, అడుగున జాజు పట్టీ. సున్నంలో కలిపే పొడి క్షారాన్ని తట్టుకోవాలి. జాజు, పసుపుమట్టి, అల్ట్రామెరైన్ నీలం తట్టుకుంటాయి. ప్రష్యన్ నీలం నిలవదు, గోధుమ వన్నెకు తిరుగుతుంది. ఆనాటి గదులలో లేత నీలం, లేత పసుపు ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణం. సున్నం అన్నిటికంటె చవక. కాని ఒరుసుకుంటే బట్టకు అంటుతుంది.

ఈ పాత గోడల మీదనే ఇప్పుడు ఎమల్షన్ అడిగేవారు ఉన్నారు. సున్నపు పొరలు గీకించి, ప్రైమర్ పూయించకపోతే కొత్త రంగు పెచ్చులుగా లేస్తుంది. నింద రంగు అమ్మిన అంగడి మీద పడుతుంది. కనుక అమ్మకానికి ముందే ఆ మాట చెప్పడం వర్తకునికే మేలు.

గదికి అయ్యే ఖర్చు

కొనుగోలుదారు లీటరు ధర అడుగుతాడు. అతనికి చెప్పవలసింది గది ఖర్చు. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు గల గదికి నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసివేస్తే దాదాపు 400. రెండు పూతలకు లీటరు 130 చదరపు అడుగులు వస్తుందనుకుంటే 3 లీటర్ల పైచిలుకు కావాలి. 4 లీటర్ల డబ్బా సరిపోతుంది. మూడవ పూత తప్పకపోతే సుమారు 4.6 లీటర్లు. అంటే మరొక లీటరు డబ్బా తెరవాలి, కూలీ కూడా పెరుగుతుంది.

మూడవ పూత ఎక్కడ పడుతుంది? ముదురు రంగులన్నీ ఒకటి కావు. ఇనుప ఆక్సైడుతో వచ్చే గోధుమ, ఇటుక వన్నెలు గోడను బాగా కప్పుతాయి. మిరపపండు ఎరుపు, నిమ్మ పసుపు వంటి మెరుపు రంగులే పలుచగా కనిపించి పూతలు ఎక్కువ తింటాయి. వీటిని కలిపే బేస్‌లో తెల్లదనాన్ని, కప్పే గుణాన్ని ఇచ్చే టైటానియం డయాక్సైడ్ బహు తక్కువ. రంగు ద్రావకం ఎక్కువ పడుతుంది గనుక ధర కూడా పెరుగుతుంది.

వెలుతురు, దుమ్ము

తెల్ల గోడ తన మీద పడిన వెలుతురులో సుమారు 80 శాతం తిరిగి ఇస్తుంది. మీగడ రంగు 70 శాతం వరకు, ముదురు గోధుమ 10 శాతం మాత్రమే. ఒకే కిటికీ ఉన్న గదిలో ఈ తేడా పగలే దీపం వేసేటంతగా ఉంటుంది. అయితే గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వంటి బొగ్గు ఊళ్లలో దుమ్ము చేరే గదికి అచ్చ తెలుపు త్వరగా మాస్తుంది. అక్కడ తుడిస్తే పోయే ఎమల్షన్‌లో మీగడ, లేత బూడిద వన్నెలు నయం.

వంటిళ్లలో, కార్యాలయాలలో గోడ అడుగు భాగానికి వేసే ఆయిల్ పెయింట్ విషయంలో మరొక జాగ్రత్త అవసరం. పాత పసుపు, నారింజ రంగులలో సీసం వాడేవారు. ఇంటి రంగులలో సీసం పదిలక్షల పాళ్లకు 90 పాళ్లు మించరాదన్న నిబంధన 2016లో వెలువడి, 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకు ముందటి డబ్బాలు ఏ మూలనైనా మిగిలి ఉంటే వాటిని అమ్మరాదు.

కలిపిన డబ్బా వెనక్కి రాదు

యంత్రంపై రంగు కలిపిన తర్వాత ఆ డబ్బాను కంపెనీ తిరిగి తీసుకోదు, వేరొక కొనుగోలుదారు దొరకడం కష్టం. అంగడిలోని ట్యూబులైటు కింద కార్డు మీద నచ్చిన రంగు ఇంటి వెలుతురులో వేరుగా, నాలుగు గోడలకు ఎక్కిన తర్వాత ఇంకా ముదురుగా కనిపిస్తుంది. వివాదాలు ఇక్కడే పుడతాయి. ముందుగా చిన్న డబ్బా ఇచ్చి, రెండడుగుల మేర పూయించి, పగలు ఒకసారి, రాత్రి ఒకసారి చూసి రమ్మనడం మంచిది. ఆ రోజు బేరం ఒక పూట ఆలస్యమైనా 20 లీటర్ల డబ్బా చేతిలో మిగలదు.

కనుక పెట్టుబడిలో పెద్ద భాగాన్ని తెలుపు, లేత బేస్‌లలో ఉంచి, ముదురు బేస్‌లను చిన్న డబ్బాలలో మాత్రమే నిల్వ చేయడం శ్రేయస్కరం. వాడుక మారినా తెల్ల బేస్ ఏదో ఒక రంగుగా అమ్ముడుపోతుంది.