విశ్రాంత గృహ సముదాయాల్లో నివాసి హక్కులు: ఒప్పంద స్వరూప పరిశీలన

‘వృద్ధాశ్రమం’ అనే మాట తెలుగు వాడుకలో రెండు భిన్న వ్యవస్థలకు వర్తిస్తున్నది. నిరాధారులకు ప్రభుత్వమో ధర్మసంస్థలో కల్పించే వసతి ఒకటి. వృద్ధులు సొంత సొమ్ము చెల్లించి చేరే విశ్రాంత గృహ సముదాయం మరొకటి. వ్యుత్పత్తి వేరైనా, జనవ్యవహారంలో ‘ఆశ్రమం’ అన్న పదం ‘ఆశ్రయం’ అన్న అర్థాన్నే స్ఫురింపజేస్తుంది. సొమ్ము చెల్లించిన నివాసి ఆశ్రితుడు కాడు. ఒప్పందంలో ఒక పక్షం.

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం (2007) కూడా మొదటి వ్యవస్థనే దృష్టిలో ఉంచుకొన్నది. జిల్లాకు కనీసం ఒకటి చొప్పున, 150 మంది నిరుపేద వృద్ధులకు సరిపడే వృద్ధాశ్రమాలను రాష్ట్రాలు స్థాపించవచ్చునని 19వ సెక్షన్ చెబుతుంది. ‘స్థాపించాలి’ అనకపోవడం గమనార్హం. రుసుము చెల్లించి చేరేవారి ఒప్పందాలను ఆ చట్టం నియంత్రించదు.

అందువల్ల వారి హక్కులు చేతిలోని పత్రాన్ని బట్టి మారుతాయి. ఇంటిని కొన్నవారికి రక్షణ ఎక్కువ. రెరా చట్టం (2016) ప్రకారం, విక్రయ ఒప్పందాన్ని రిజిస్టరు చేయకుండా నిర్మాణ సంస్థ ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. ఇంటిని స్వాధీనం చేసిన నాటి నుంచి 5 ఏళ్లలోగా బయటపడిన నిర్మాణ లోపాలను ఉచితంగా సరిచేయాలి. లీజుదారుకు నిర్ణీత కాలం ఆస్తిని అనుభవించే హక్కు బదిలీ అవుతుంది. డిపాజిట్ కట్టి చేరినవారి స్థితి వీరందరికంటె బలహీనం. ఎంత పెద్ద మొత్తం కట్టినా, పత్రం ఇచ్చేది కేవలం నివసించే అనుమతి, అంటే లైసెన్సు అయితే, ఈజ్‌మెంట్ల చట్టం (1882) 52వ సెక్షన్ దృష్ట్యా ఆస్తిలో వారికి ఏ హక్కూ సంక్రమించదు. అయితే పత్రం పేరు కంటె అందులోని సారాంశమే ప్రధానమని 1959లో అసోసియేటెడ్ హోటల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రం ఇక్కడ నివాసికి కొంత ఆసరా.

ఇక సేవల విషయం. అసలు అక్కడ చేరడానికి కారణమైన భోజనం, నర్సు సేవ, అర్ధరాత్రి అంబులెన్సు తరచుగా వేరొక సేవా ఒప్పందంలో ఉంటాయి. అవి కుంటుపడితే వినియోగదారుల రక్షణ చట్టం (2019) కింద సేవాలోపంగా ఫిర్యాదు చేయవచ్చు. మితిమీరిన డిపాజిట్‌ను, సహేతుక కారణం లేకుండా ఒప్పందాన్ని ఏకపక్షంగా రద్దుచేసే షరతును ఆ చట్టం ‘అన్యాయ ఒప్పందం’ పరిధిలోకి తెచ్చింది. కాని అటువంటి ఫిర్యాదును జిల్లా కమిషన్‌లో వేయడానికి లేదు. రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. ఎనభై ఏళ్ల నివాసికి అది చిన్న దూరం కాదు. విశ్రాంత గృహాలపై కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో వెలువరించిన నమూనా మార్గదర్శకాలు రాష్ట్రాలకు సూచనలు మాత్రమే.

దంపతులలో ఒకరు మరణిస్తే రెండవవారు అదే ఇంట్లో, అదే రుసుముతో కొనసాగవచ్చునా? సేవాసంస్థ మారితే పాత హామీలు ఎవరివి? డిపాజిట్ ఎన్నాళ్లలో, ఎంత కోతతో తిరిగి వస్తుంది? వీటికి సమాధానం చట్టంలో కంటె ఒప్పందంలోని షరతులలోనే వెదకవలసి వస్తున్నది. ఆ షరతులు ఆంగ్లంలో మాత్రమే ఉన్నప్పుడు, తెలుగులో తప్ప చదవలేని నివాసి తాను దేనికి సమ్మతించినదీ తెలియకుండానే సంతకం చేస్తున్నాడు.