రెప్పపాటు లోపలే: యూపీఎస్ పుట్టుపూర్వోత్తరాలు

భారతదేశంలో విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులతో సరఫరా అవుతుంది కనుక ఒక్కో ఆవృత్తికి పట్టే కాలం 20 మిల్లీసెకన్లు, అంటే సెకనులో యాభయ్యో వంతు. దుకాణంలోని బిల్లింగ్ కంప్యూటర్ కరెంటు పోయాక తన కెపాసిటర్లలో నిలవ ఉన్న శక్తితో సుమారు అంత కాలమే నెట్టుకురాగలదు. ఆ గడువు దాటితే మెమరీలో ఉన్నదంతా చెరిగిపోవడమే కాక, డిస్కు మీద సగం రాసిన సరుకు నిల్వల పట్టిక మళ్లీ తెరుచుకోనంతగా పాడయ్యే ప్రమాదమూ ఉంది. నిరంతరాయ విద్యుత్ సరఫరా యంత్రం, అనగా యూపీఎస్, పూడ్చవలసిన సందు ఇంత చిన్నది.

ఇటువంటి పరికరానికి అమెరికాలో జాన్ హాన్లీ 1934లో పేటెంటు పొందాడు. తొలితరం వ్యవస్థలలో మోటారును, జనరేటరును కలిపే ఇరుసు మీద బరువైన గతిపాలక చక్రాన్ని అమర్చేవారు. సరఫరా ఆగినా ఆ చక్రం జడత్వం వల్ల తిరుగుతూ జనరేటరును కొద్దిసేపు నడిపేది. అంతటి యంత్రం దుకాణపు బల్ల కిందికి చేరిందంటే అందుకు ఒక కారణం, 1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో రూపొందిన థైరిస్టర్, అంటే కదిలే భాగాలేవీ లేకుండా భారీ కరెంటును అదుపుచేసే అర్ధవాహక స్విచ్చు. మరో కారణం, ఫ్రాన్సులో గాస్టన్ ప్లాంటే 1859లో కనిపెట్టిన సీసపు ఆమ్ల బ్యాటరీని నీళ్లు పోసే పనీ ఆమ్లం ఒలికే భయమూ లేకుండా మూసివేయగలగడం. 1981లో సౌరవిద్యుత్తు కోసం మొదలైన అమెరికన్ పవర్ కన్వర్షన్ సంస్థ 1984 నాటికి యూపీఎస్‌ల వైపు మళ్లిందంటే, కారణం బల్లల మీదికి వచ్చిన చిన్న కంప్యూటర్లే. తిరుపతి దగ్గర కరకంబాడిలో పుట్టిన అమరరాజా సంస్థ కూడా ఈ మూతబడిన బ్యాటరీలతోనే పేరు తెచ్చుకుంది.

యూపీఎస్‌లలో చౌకైన ఆఫ్‌లైన్ రకం, కరెంటు పోయినప్పుడు మాత్రమే బ్యాటరీలోని ఏకముఖ విద్యుత్తును ఏకాంతర విద్యుత్తుగా మార్చి అందిస్తుంది. ఆ మార్పిడికి పట్టే నాలుగు నుంచి పది మిల్లీసెకన్లు కంప్యూటరు ఓర్చుకోగల గడువు లోపలే ముగుస్తాయి. లైన్ ఇంటరాక్టివ్ రకం వోల్టేజీ హెచ్చుతగ్గులను ట్రాన్స్‌ఫార్మర్ సాయంతో సరిదిద్దుతుంది కనుక, కోతల కన్నా లో-వోల్టేజీ ఎక్కువగా బాధించే ఊళ్లలో అదే మేలు. ఆన్‌లైన్ రకంలో కంప్యూటరుకు అందేది ఎల్లవేళలా తిరిగి తయారైన విద్యుత్తే కాబట్టి మార్పిడి వ్యవధి అనేదే ఉండదు. అయితే చిల్లర దుకాణానికి అంత ఖర్చు అరుదుగానే సమంజసం. ఇంటి ఇన్వర్టరు ఉంటే చాలుననుకునేవారు దాని వెనుకనున్న మీటను యూపీఎస్ స్థానంలో ఉంచకపోతే, ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి గాని కంప్యూటరు ఆగి మళ్లీ మొదలవుతుంది.

600 వోల్ట్-ఆంపియర్ యూపీఎస్ సాధారణంగా మోయగలిగేది 360 వాట్లే. లోపలి 12 వోల్టుల, 7 ఆంపియర్-గంటల బ్యాటరీతో 150 వాట్ల భారం నడిచేది పది పదిహేను నిమిషాలు, అది వ్యాపారానికి కాదు, బిల్లు ముగించి కంప్యూటరును పద్ధతిగా ఆపడానికి. లేజర్ ప్రింటరును దీనికి తగిలించకూడదు, ఎందుకంటే సిరాపొడిని కరిగించే దాని హీటరు ఒక్కసారిగా లాగే కరెంటుకు యూపీఎస్ చేతులెత్తేస్తుంది. పరిసరాల వేడి 25 డిగ్రీల సెల్సియస్ మీద సుమారు పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ ఆయుష్షు సగానికి పడిపోతుంది. పైగా భారం లేనప్పుడు నిండుగా వోల్టేజీ చూపే ముసలి బ్యాటరీ భారం పడిన మరుక్షణమే కూలిపోవచ్చు కనుక, దాని స్థితి తేలేది గోడ స్విచ్చు ఆపి చూసినప్పుడే.