సముద్ర గర్భంలో దొరికిన నీలి పాత్రలు

తెల్లని పింగాణీపై నీలిరంగు చిత్రణ చైనావారి సొంత కళ అని సాధారణంగా భావిస్తారు. పాత్ర చైనాదే. కాని దాని మీది నీలంలో ఇరాక్, ఇరాన్ దేశాలకు కూడా పాలు ఉంది. ఇందుకు బలమైన సాక్ష్యం సముద్రం అడుగున లభించింది.

1998లో ఇండోనేషియాలోని బెలిటుంగ్ ద్వీపం సమీపంలో మునిగిపోయిన ప్రాచీన నౌక ఒకటి బయటపడింది. ఇనుప మేకులు వాడకుండా చెక్క పలకలను తాళ్ళతో కుట్టి నిర్మించిన ఓడ అది. ఈ పద్ధతి అరబ్బు, హిందూ మహాసముద్ర నావికులది. ఓడలో సుమారు 60 వేల చైనా పాత్రలు ఉన్నాయి. వాటిలో అధిక భాగం చాంగ్‌షా గిన్నెలు. ఒక గిన్నెపై చెక్కిన తేదీ క్రీ.శ. 826కు, అంటే హిజ్రీ 211కి సరిపోతుంది. అది అబ్బాసీ ఖలీఫా మామూన్ పాలించిన కాలం. కొన్ని గిన్నెలపై అరబ్బీ లిపిని పోలిన గీతలు కూడా కనిపిస్తాయి.

ఇన్ని వేల పాత్రల నడుమ నీలి చిత్రణగల తెల్లని పళ్ళేలు మూడే మూడు. చెక్కుచెదరకుండా లభించిన ఈ తరహా చైనా పాత్రలలో అతి ప్రాచీనమైనవి ఇవేనని పరిశోధకులు అంటారు. వాటి మీద చతురస్రం వంటి ఆకారం, దాని చుట్టూ ఆకుల రెమ్మలు ఉన్నాయి. ఇటువంటి అలంకరణే ఆనాటి ఇరాక్ పాత్రలపైనా కనిపిస్తుంది.

ఇందుకు కారణమేమి? చైనా తెల్ల పాత్రలంటే అబ్బాసీ నగరాలలో ఎంతో మక్కువ. అయితే బస్రా కుమ్మరులకు అటువంటి తెల్లమట్టి లేదు. వారు మామూలు మట్టి పాత్రకు తగరం కలిసిన తెల్లని పూత పూసి, దానిపై కోబాల్టుతో నీలి చిత్రాలు వేశారు. ఆ అభిరుచికి తగిన సరుకును చైనా పనివారు తయారుచేశారు. ఈ విధంగా తెలుపు పడమరకు, నీలం తూర్పుకు ప్రయాణం చేశాయి. 14వ శతాబ్దంలో జింగ్‌డెజెన్ పింగాణీ వికసించినప్పుడు కూడా మేలైన కోబాల్టు ఇరాన్ నుండి వెళ్ళింది. తరువాతి కాలంలో చైనీయులు ఒక రకం నీలాన్ని 'హుయ్‌హుయ్ చింగ్', అనగా 'ముస్లింల నీలం' అని పిలిచారు.

ఈ చరిత్ర తెలియడానికి పాత్రలు దొరికితే చాలదు. అవి ఏ ఓడలో, ఏ సరుకుతో కలిసి ఉన్నాయో కూడా తెలియాలి. 1752లో మునిగిన డచ్చి నౌక గెల్డర్‌మాల్సెన్ నుండి తీసిన లక్షకు పైగా పింగాణీ పాత్రలను 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేశారు. అవి వేలాది ఇళ్ళకు చెదరిపోయాయి. బెలిటుంగ్ సరుకులో అధిక భాగాన్ని మాత్రం 2005లో సింగపూర్ ఒక్కచోట ఉండేలా కొనుగోలు చేసింది. అయినా దానిని వెలికితీసినది లాభాపేక్షగల సంస్థ అనే విమర్శ తప్పలేదు. ఆ కారణంగానే 2011లో అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ దాని ప్రదర్శనను విరమించుకుంది. సముద్రగర్భ వారసత్వాన్ని వ్యాపార వస్తువు చేయరాదని యునెస్కో 2001లో చేసిన ఒడంబడిక 2009 నుండి అమలులో ఉంది.

ఆ మూడు పళ్ళేలను విడివిడిగా అమ్మివుంటే ధనికుల అలమారలలో ఖరీదైన వస్తువులుగా మిగిలేవి. కుట్టిన ఓడ, తేదీగల గిన్నె తోడుగా ఉన్నందువల్లనే అవి బస్రాకు, చైనాకు మధ్య సాగిన ఇచ్చిపుచ్చుకోవడాలకు సాక్ష్యమిస్తున్నాయి.