లోహరేణువుల వెలుగు ఎవరికి?

శాస్త్రవిజ్ఞానం సాధించిన ప్రతి ఫలితాన్నీ రెండు ప్రశ్నలతో పరిశీలించాలి. అది ఎలా పనిచేస్తుంది? ఎవరికి అందుతుంది? మొదటిదానికి జవాబు ప్రయోగశాలలో దొరుకుతుంది. రెండోదానికి జవాబు సమాజంలో వెతకాలి. క్యాన్సర్‌ను కనిపెట్టడానికీ నయం చేయడానికీ లోహపు నానో రేణువులను వాడాలనే ప్రయత్నాన్ని కూడా ఇలాగే చూడాలి.

నానోమీటరు అంటే మీటరులో వందకోట్లవ వంతు. బంగారాన్ని కొన్ని పదుల నానోమీటర్ల రేణువులుగా చేసి నీటిలో ఉంచితే అది పచ్చగా ఉండదు, ఎర్రగా కనిపిస్తుంది. మైకేల్ ఫారడే 1857లోనే దీన్ని వివరించాడు. పరిమాణంలో మార్పు గుణాత్మకమైన మార్పుకు దారితీస్తుందనే గతితార్కిక సూత్రానికి ఇంతకంటే తేటయిన ఉదాహరణ అక్కరలేదు. కాంతి సోకగానే ఈ రేణువులలోని ఎలక్ట్రాన్లు ఒక్కుమ్మడిగా ఊగుతాయి. ఆ ఊపుకు సరిపడే కాంతిని రేణువు పీల్చుకుంటుంది. పీల్చుకున్న కాంతి వేడిగా మారుతుంది. కణితిలో చేరిన రేణువులపై పరారుణ కాంతి ప్రసరింపజేస్తే ఆ వేడికి రోగకణాలు చస్తాయి. పైగా బంగారం ఎక్స్‌రేలను బలంగా అడ్డుకుంటుంది కనుక సి.టి. స్కానులో కణితిని స్పష్టంగా చూపగలదు.

ఈ పని హైదరాబాదులోనూ జరిగింది. తార్నాకలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీలో చిత్తరంజన్ పాత్ర బృందం 2014లో ఒక పరిశోధన ప్రచురించింది. ఓలాక్స్ స్కాండెన్స్ అనే అడవి పొద ఆకుల రసంతో వారు వెండి నానో రేణువులు తయారుచేశారు. ఆకులోని పదార్థాలే లవణం నుంచి వెండిని విడదీసి రేణువులకు పొరలా పట్టాయి. ఈ రేణువులు ఊపిరితిత్తుల, రొమ్ము క్యాన్సర్ కణాలను చంపాయి. ఆ కణాలలో ఎర్రగా వెలిగి తమ ఉనికినీ చూపాయి. ఒకే రేణువు దీపమూ అయింది, మందూ అయింది.

అయితే గాజుపాత్రలోని కణం వేరు, మనిషి శరీరం వేరు. పదేళ్ళ కాలంలో ప్రచురితమైన జంతుప్రయోగాలను 2016లో సమీక్షించినప్పుడు, ఎక్కించిన నానో రేణువులలో కణితికి చేరేది మధ్యస్థంగా 0.7 శాతమేనని తేలింది. మిగిలినవాటిలో చాలా భాగాన్ని కాలేయం, ప్లీహం పట్టేస్తాయి. కనుక స్వర్ణభస్మం పేరుతో క్యాన్సర్ మందు అమ్ముకునేవారికి ఈ పరిశోధనలు సాక్ష్యం కావు.

ఇక రెండో ప్రశ్న. 1955లో మొదలైన రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్‌.జె. క్యాన్సర్ ఆస్పత్రికి దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో రావాలంటే వంద కిలోమీటర్ల పైమాటే. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. ఆ పథకం రోగం తేలినవారికి చికిత్స ఖర్చు భరిస్తుంది. కాని రోగం తేలేదెప్పుడు? పాలమూరు వలసకూలీకి పరీక్ష కోసం ఒకరోజు ఆగడమంటే ఒకరోజు కూలి పోవడం. నొప్పి పుట్టేదాకా ఓర్చుకుంటాడు. తొలిదశలో క్యాన్సర్ తరచు నొప్పి పుట్టించదు.

నోటి క్యాన్సర్‌ను అనుమానించడానికి నానో రేణువు అక్కరలేదు, టార్చిలైటు చాలు. గర్భాశయ ముఖద్వారానికి పలచని అసిటిక్ ఆమ్లం పూస్తే అనుమానించవలసిన భాగం తెల్లబడుతుంది. ముంబై మురికివాడలలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఈ పరీక్ష చేయగా ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. 30 ఏళ్ళు దాటినవారికి ఇలాంటి పరీక్షలు జరపాలని 2016లో కేంద్రప్రభుత్వమే మార్గదర్శకాలిచ్చింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి దేశంలో 30–49 ఏళ్ళ స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా జరిగినవారు 1.9 శాతం మాత్రమే. ఇక్కడ లోపించింది విజ్ఞానం కాదు; దాన్ని ప్రజల దగ్గరకు చేర్చే వ్యవస్థ.

అంతమాత్రాన నానో పరిశోధన విలాసమని కొట్టిపారేయడం అభ్యుదయం కాదు. ప్రజల సొమ్ముతో నడిచే ప్రయోగశాలలో పుట్టిన ఫలితం పేటెంట్ల గోడల వెనక కార్పొరేట్ ఆస్పత్రుల సొత్తుగా మారకుండా ప్రజల ఆస్పత్రికి చేరాలని అడగాలి. అదే గొంతుతో తండాలోని ఉపకేంద్రానికి టార్చిలైటూ, శిక్షణ పొందిన కార్యకర్తా కావాలని అడగాలి. నానో రేణువు కణితిని వెతుక్కుంటూ వెళ్ళవచ్చు. ఆ కణితి ఉన్న మనిషిని వెతుక్కుంటూ ముందు వైద్యం ఊరికి వెళ్ళాలి.