పదిమంది మధ్య సొంత బతుకు రాయడం

సొంత జీవితం గురించి రాయడం అభ్యుదయ రచయిత చేయదగిన పనేనా? ఈ ప్రశ్న మన సభల్లో చాలాసార్లు వినిపించింది. ఆత్మకథ వ్యక్తివాదానికి చెందిన ప్రక్రియ అనీ, "నేను" అనే మాటతో మొదలైన రచన "నేను" దగ్గరే ఆగిపోతుందనీ కొందరి వాదన. రచయిత అనుభవమే రచనకు ఏకైక ప్రమాణమనీ, దాన్ని ప్రశ్నించే హక్కు ఎవరికీ లేదనీ మరికొందరి వాదన. ఈ రెండు వాదాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయి. అనుభవం రచయిత మనసులో పూర్తిగా తయారై ఉంటుందనీ, దాన్ని కాగితం మీద పెట్టడమో మానడమో మాత్రమే మిగిలిందనీ రెండూ నమ్ముతున్నాయి. వాస్తవం వేరు. మనిషికి తన బతుకులో చాలా భాగం తెలియదు. రోజూ చూసిన దాన్ని చెప్పవలసిన విషయంగా గుర్తించడు. వినేవాడు అడిగినప్పుడే అది బయటికి వస్తుంది. అందుకే సొంత బతుకు రాయడం ఒంటరిగా కన్నా పదిమంది మధ్య బాగా సాగుతుంది. ఎందుకు సాగుతుందో, ఎలా సాగాలో, ఎక్కడ చెడుతుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగులో ఆత్మకథకు మంచి వారసత్వం ఉంది. వీరేశలింగం స్వీయ చరిత్ర రాశారు. ప్రకాశం పంతులు "నా జీవిత యాత్ర" రాశారు. నెల్లూరు జిల్లా అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తన ఉద్యమ జీవితాన్ని గ్రంథస్థం చేశారు. వీరంతా బహిరంగ జీవితంలో నిలిచినవారు. తమ జీవితం చెప్పదగినదేనా అన్న సందేహం వారికి రానవసరం లేదు, ఎందుకంటే సమాజం అప్పటికే వారిని అడిగింది. నాట్లు వేసే మనిషినీ, రొయ్యల గుంట కాపలాదారునీ, ఇంటి చాకిరీలో అరవై ఏళ్ళు గడిపిన గృహిణినీ ఎవరూ అడగలేదు. అడగని చోట ఆత్మకథ పుట్టదు. బృందం చేసే మొదటి పని అడగడమే.

ఇది కొత్త ఊహ కాదు. 1986లో స్త్రీశక్తి సంఘటన వెలువరించిన "మనకు తెలియని మన చరిత్ర" ఇందుకు గొప్ప ఉదాహరణ. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరకు ఒక బృందం వెళ్ళి, వాళ్ళ మాటల్లోనే వాళ్ళ జీవితాలు చెప్పించింది. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం వంటివారి గొంతులు అందులో ఉన్నాయి. ఆ పోరాటం గురించి అంతకు ముందే ఎన్నో పుస్తకాలు వచ్చాయి. వాటిలో దళాలూ తేదీలూ తీర్మానాలూ ఉన్నాయి. పిల్లల్ని వదిలి అజ్ఞాతవాసానికి పోయిన తల్లి ఏం అనుభవించింది, పోరాటం ముగిశాక ఇంటికి తిరిగొచ్చిన స్త్రీని ఎవరెలా చూశారు అన్నవి ఈ పుస్తకంలోనే ముఖ్య విషయాలయ్యాయి. ఆ అనుభవాలు ఆ స్త్రీలకు కొత్తవి కావు. అడిగినవాళ్ళు కొత్త. ఉద్యమం మీద గౌరవం పోకుండానే ఉద్యమాన్ని ప్రశ్నించవచ్చని కూడా ఆ పుస్తకం చూపింది.

నెల్లూరు జిల్లా అనుభవం దీనికి మరో పార్శ్వం. 1990-91లో ఇక్కడ అక్షరాస్యతా ఉద్యమం సాగింది. పగలంతా పనిచేసిన స్త్రీలు రాత్రిపూట లాంతరు చుట్టూ కూర్చుని అక్షరాలు దిద్దుకున్నారు. అక్షరం నేర్పాలంటే ముందు మాట కావాలి. ఆ మాట వాళ్ళ బతుకులోది కావాలి. బ్రెజిల్‌లో పావులో ఫ్రెయిరీ పేద రైతులకు చదువు చెబుతూ గ్రహించినది కూడా ఇదే. నెల్లూరు స్త్రీల బతుకులో ఆ రోజుల్లో అన్నిటికన్నా పెద్ద మాట సారా. "వారుణి వాహిని" పేరుతో ప్రభుత్వమే ప్యాకెట్లలో పల్లెపల్లెకూ సారా చేర్చిన కాలం అది. కూలి డబ్బు ఇంటికి చేరకముందే సారా అంగట్లో తేలేది. "మా ఆయన తాగుతాడు" అన్నది అంతవరకూ ప్రతి ఇంట్లోనూ ఒక రహస్యం, ఒక సిగ్గు, ఒక తలరాత. పదిమంది కూర్చున్న చోట ఒకరు ఆ మాట అంటే మిగిలిన తొమ్మిదిమందీ "మా ఇంట్లోనూ అంతే" అంటారు. ఆ క్షణంలో అది తలరాత కాకుండా పోతుంది. కారణం ఉన్న విషయం అవుతుంది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, ఆమె తోటి స్త్రీలు సారాను ఊళ్ళోకి రానివ్వకుండా అడ్డుకున్నారు. వాళ్ళ కథ "ఆడవాళ్ళు ఏకమైతే" అనే పాఠంగా వయోజన వాచకంలోకి వచ్చింది. ఇతర ఊళ్ళ స్త్రీలు ఆ పాఠం చదివి "మన ఊళ్ళో ఎందుకు కాదు?" అని అడిగారు. 1992లో జిల్లా అంతటా సారా వేలంపాటలకు ఎదురు నిలిచారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో సడలిపోయింది. అది వేరే చర్చ.

రచయితలు గమనించవలసింది మరొకటి ఉంది. ఆ పాఠం ఆ స్త్రీల గురించి రాసింది. ఆ స్త్రీలు రాసింది కాదు. అక్షరం నేర్చుకున్న చేతులు సంతకం దాకా వచ్చాయి, దరఖాస్తు దాకా వచ్చాయి. జీవిత కథ దాకా రావడానికి వాళ్ళకు తోడుగా కూర్చున్న రచయితలు ఎంతమంది? ఈ ప్రశ్నకు మన సంఘాలు జవాబు చెప్పుకోవాలి.

ఇక పద్ధతి విషయానికి వద్దాం. నెల్లూరుకు తూర్పున సముద్రం దాపున ఉన్న తోటపల్లి గూడూరునే తీసుకుందాం. ఒకవైపు వరి మాగాణి, మరోవైపు రొయ్యల గుంటలు. కోడూరు తీరం ఈ మండలంలోదే. నాటు వేసే మనిషి, గుంటల మీద పనిచేసే మనిషి, వేటకు పోయే మనిషి, కాలేజీలో చదివే పిల్ల ఒకేచోట కూర్చోవడానికి వీలైన ఊరు. అక్కడి బడి వరండాలో ఆదివారం సాయంత్రం ఎనిమిదిమంది కూర్చున్నారని ఊహించుకుందాం.

డిగ్రీ చదివే ఒక అమ్మాయి అరపేజీ రాసుకొచ్చి చదివింది. "మా నాన్న మమ్మల్ని చదివించడానికి ఎంతో కష్టపడ్డాడు. ఎన్నో బాధలు అనుభవించాడు. ఆయన రుణం తీర్చుకోలేను." ఇంతే. చదువుతుంటే ఆమె గొంతు వణికింది. కానీ వినేవాళ్ళకు ఏమీ కనిపించలేదు. ఇక్కడ విమర్శకుడు ఉంటే "ఇది నినాదం, రచన కాదు" అని తేల్చేస్తాడు. సానుభూతిపరుడు ఉంటే "చాలా బాగుందమ్మా, కళ్ళనీళ్ళొచ్చాయి" అంటాడు. ఇద్దరూ ఆమెను అక్కడే ఆపేస్తారు. బృందం చేయవలసింది మూడో పని. అడగడం.

మీ నాన్న ఏం పని చేసేవాడు? రొయ్యల గుంట దగ్గర రాత్రి కాపలా. ఏం కాయాలి? దొంగలు రాకుండా చూడాలి, ఏరియేటర్లు ఆగిపోతే లేచి చూడాలి, తెల్లారకముందే మేత వేయాలి. అన్నం ఎవరు పట్టుకెళ్ళేవారు? నేనే, క్యారేజీలో పెట్టుకుని గట్టు మీద నడిచి పోయేదాన్ని. గుంట తవ్వక ముందు అక్కడ ఏముంది? అమ్మాయి ఆగింది. "కయ్యలు. మా అమ్మ వాటిలోనే నాట్లు వేసేది."

అప్పటిదాకా మాట్లాడకుండా కూర్చున్న ఒక పెద్దామె అందుకుంది. "ఆ కయ్యలు నాకు తెలుసు పాపా. నేనూ మీ అమ్మా ఆడ పక్కపక్కనే వొంగి నాటినాం. గుంటలు తవ్వినాక మాకు ఆడ పన్లేకుండా పాయె."

ఆ అమ్మాయి రాసుకొచ్చిన అరపేజీలో తల్లి లేదు. కష్టపడిన తండ్రి ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు తెలిసింది: తండ్రికి జీతమిచ్చిన గుంటే తల్లి కూలిని మింగింది. తన కాలేజీ ఫీజు ఆ జీతంలోంచే వచ్చింది. ఈ వైరుధ్యం ఆమె బతుకులో మొదటినుంచీ ఉంది. దాన్ని ఎవరూ బయటినుంచి తెచ్చి పెట్టలేదు. వ్యక్తి అనుభవంలోనే సమాజం ఉంటుందని మనం సిద్ధాంతంగా చెబుతూ ఉంటాం. ఇక్కడ అది ఒక క్యారేజీతో, ఒక గట్టుతో, పక్కన కూర్చున్న మనిషి జ్ఞాపకంతో రుజువైంది. 1990ల మొదట్లో ఈ తీరాన రొయ్యల సాగు ఎలా విస్తరించిందో, 1994-95లో తెల్లమచ్చ తెగులు ఎంతమందిని ముంచిందో, 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలోని రొయ్యల చెరువుల మీద ఏం తీర్పు చెప్పిందో ఆమె తర్వాత చదువుకోవచ్చు. ఆ చదువు ఆమె కథకు బలమిస్తుంది. దాని స్థానాన్ని మాత్రం ఆక్రమించకూడదు.

ఇటువంటి కూటమి నడవడానికి కొన్ని నియమాలు అవసరం. మనుషులు పదికి మించకూడదు. మించితే సభ అవుతుంది, సభలో ఉపన్యాసం పుడుతుంది. రాసినది రాసినవాళ్ళే గట్టిగా చదవాలి. చదివాక కాసేపు ఎవరూ మాట్లాడకూడదు. తర్వాత విన్నవాళ్ళు తమకు ఏం కనిపించిందో, ఎక్కడ ఏమీ కనిపించలేదో చెప్పాలి. ఆ తర్వాత ప్రశ్నలు. ప్రశ్న వస్తువు గురించి ఉండాలి: ఎవరు, ఎక్కడ, ఎంత కూలి, ఏ నెల, చేతిలో ఏముంది. "నువ్వు ఎందుకు ఎదిరించలేదు?" అన్నది ప్రశ్న కాదు, తీర్పు. ఏ ప్రశ్నకైనా "చెప్పను" అనే హక్కు రాసినవాళ్ళకు ఉండాలి. శిల్పం గురించిన విమర్శ రెండో రాతప్రతి వచ్చాకే మొదలవ్వాలి. ఈ వరస తప్పితే మొత్తం చెడుతుంది.

ఇది నేను నేర్చుకోవడానికి మూల్యం చెల్లించినవాడు వేరొకడు. చాలా ఏళ్ళ కిందట ఒక సమావేశంలో ఒక యువకుడు తన తల్లి మరణం గురించి రాసినది చదివాడు. నేను లేచి అందులో వర్గ దృక్పథం లోపించిందని పావుగంట మాట్లాడాను. నేను చెప్పిన ప్రతి మాటా సిద్ధాంతరీత్యా సరైనదే. అతను కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ ఏ సమావేశానికీ రాలేదు. వైద్యం ఎక్కడ చేయించారని నేను ఒక్క ప్రశ్న అడిగి ఉంటే, నేను వెతుకుతున్న వర్గ వాస్తవికత అతని నోటనే వచ్చేదేమో.

ఆదరణ అంటే మెచ్చుకోలు అని పొరబడేవారు ఉన్నారు. ప్రతిదీ బాగుందనే బృందం కూడా రచయితను మోసం చేసినట్టే. కన్నీళ్ళు వచ్చిన చోటల్లా రచన వచ్చినట్టు కాదు. నిజమైన ఆదరణ ఓపికగా వినడంలో, తేలిగ్గా ఒప్పుకోకపోవడంలో ఉంది.

రెండో ప్రమాదం అచ్చు. 1940లలో చైనా భూసంస్కరణల కాలంలో రైతులు కూడి తమ చేదు బతుకులు చెప్పుకునే సమావేశాలు జరిగాయి. తరతరాలుగా నోరు విప్పని మనుషులు భూస్వామి ఎదుట నిలబడి మాట్లాడారు. అది చిన్న విషయం కాదు. అయితే క్రమంగా ఆ చెప్పడానికి ఒక నమూనా ఏర్పడింది. ఎక్కడ మొదలు పెట్టాలో, ఎక్కడ ఏడవాలో, ఎలా ముగించాలో ముందే తెలిసిపోయింది. మన అమ్మాయి కథకు కూడా ఎవరో ఒకరు "చివర్లో తల్లి జెండా పట్టుకున్నట్టు రాయి" అని సలహా ఇస్తారు. ఆ తల్లి జెండా పట్టుకోలేదు. రొయ్యలు వలిచే పనికి పోయింది. ఐసులో చేతులు మొద్దుబారితే రాత్రి వేణ్ణీళ్ళలో ముంచుకుంది. అది రాయాలి. జరగని పోరాటాన్ని రాస్తే, పోరాటం ఎందుకు జరగలేదన్న అసలు ప్రశ్న చచ్చిపోతుంది.

మూడోది అన్నిటికన్నా సున్నితమైనది. సొంత బతుకు ఎప్పుడూ మన ఒక్కరి సొంతం కాదు. అందులో తల్లి ఉంటుంది, మొగుడు ఉంటాడు, వదిన ఉంటుంది, ఊరు ఉంటుంది. 1978లో దయా పవార్ మరాఠీలో "బలుతం" ప్రచురించినప్పుడు, బయటివాళ్ళతోపాటు సొంత కులంలోనివారు కూడా కొందరు నొచ్చుకున్నారు. ఆ పుస్తకం రావడం మంచిదే అయింది. కానీ పెద్ద పట్నంలో రచయితగా బతికే మనిషికున్న రక్షణ, పల్లెటూళ్ళో అదే ఇంట్లో అదే మనిషితో తెల్లారి మళ్ళీ బతకవలసిన స్త్రీకి ఉండదు. అందుచేత కూటమిలో విన్నది గడప దాటకూడదు. కాగితం రాసినవాళ్ళతోనే ఇంటికి పోవాలి. అచ్చు వేయాలా వద్దా, పేరు పెట్టాలా మార్చాలా అన్నది వాళ్ళే తేల్చుకోవాలి. పత్రికకు మంచి రచన దొరికిందన్న ఉత్సాహంలో మనం ఒక మనిషి నెత్తిన కష్టం తెచ్చిపెట్టకూడదు.

చివరగా భాష గురించి ఒక మాట. రెండో ప్రతి రాసేటప్పుడు చాలామంది "కయ్య" కొట్టేసి "పొలం" అనీ, "పన్లేకుండా పాయె" కొట్టేసి "ఉపాధి కోల్పోయాము" అనీ దిద్దుతారు. దిద్దిన వాక్యం వార్తాపత్రికలోది. దిద్దని వాక్యం ఆ పెద్దామెది. సంపాదకులు పొరపాట్లు సరిచేయవచ్చు, మనిషిని సరిచేయకూడదు.

అభ్యుదయ సాహిత్యం మొదటినుంచీ ప్రజల జీవితాన్ని రాస్తానని చెప్పుకుంది. రాసింది కూడా. ప్రజలు తమ జీవితాన్ని తామే రాసుకునే చోట మన పని కొంచెం మారుతుంది. చాప పరచాలి. దీపం పెట్టాలి. ఒక ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మాట్లాడకుండా కూర్చోవాలి. ఉపన్యాసానికి అలవాటుపడిన మనకు ఇదే అన్నిటికన్నా కష్టమైన అభ్యాసం. వచ్చే ఆదివారం మీ ఊళ్ళోనే మొదలు పెట్టి చూడండి.