పీహెచ్‌డీ చేస్తే ఎదురు డబ్బులిస్తారు!

హవేలిఘనపూర్‌లో డైట్ కాలేజీ ఉంది. టీచర్ అవ్వడమెలాగో ఇక్కడ ఎవర్నడిగినా చెప్తారు. అదే రోగాల గుట్టు విప్పే బయోమెడికల్ పీహెచ్‌డీ అంటే? "ఇంకెన్నేండ్లు చదువుతవ్ బిడ్డా, పైసలెట్ల?" ఇంట్లో మొదటి ప్రశ్న ఇదే.

ఎమ్మెస్సీ అయ్యాక సీఎస్‌ఐఆర్ నెట్ రాసి జేఆర్‌ఎఫ్ కొట్టారనుకోండి. 2023 జనవరి నుంచి ఫెలోషిప్ నెలకు రూ.37 వేలు. రెండేళ్ల తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ అయితే రూ.42 వేలు. హబ్సిగూడలోని సీసీఎంబీ లాంటి ల్యాబ్‌లో చేరాలంటే మాత్రం ఇంటర్వ్యూ కూడా గట్టెక్కాలి.

అసలు ఖర్చు టైమే. ఐదేళ్లు దాటొచ్చు, నెలల తరబడి చేసిన ప్రయోగం తుస్సుమనొచ్చు. ఈలోపు ఫ్రెండ్స్ ఈఎంఐలో కారు కొనేస్తారు!

వయసు మించిపోతుందని భయమా? భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1930లో హార్వర్డ్ పీహెచ్‌డీ అందుకునేసరికి 35 ఏళ్లు. ఫాస్ఫరస్‌ను కొలిచేందుకు ఫిస్కేతో కలిసి ఆయన కనిపెట్టిన పద్ధతి 1925లోనే వచ్చేసింది.